మా ఇంటి ఐతారం హలీమ్

మొన్న ఐతారం మా ఇంట్ల ఏమైందో చెప్త, జర ఇటు తిరుగున్రి. ముందుగాలనే చెప్తున్న, ఎవ్వలకు ఏం కాలే, అందరు బతికే ఉన్నరు. కాని కొంచెంసేపు మా ఆయనను నా చేతులతోనే సంపుకున్న అనుకున్న. అది గూడ ఎట్ల? మెత్తగ మిక్సీ పట్టి, నెయ్యి పోసి!

మా ఆయన లక్ష్మణ్ లారీ నడిపేటోడు. నిద్ర రావొద్దని దౌడల గుట్క పెట్టుకునేటోడు. ఆఖరుకు గా దౌడనే పట్టుకున్నది రోగం. పోయినేడు పట్నం దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. ఎనక కరెంటు పెట్టిన్రు. గదే, పెద్ద మిషన్ కింద పండవెట్టి పెడ్తరు సూడున్రి, కండ్లకు ఏం కనవడది, లోపట మాత్రం కాలుతది. మనిషైతే దక్కిండు. నాలిక సచ్చిపోయింది.

ఏం పెట్టినా ఒకటే మాట. "మన్ను తిన్నట్టున్నది."

నోరు రెండు చేతివేళ్ళ సందు కంటె ఎక్కువ తెర్వ రాదు. నమల రాదు. జర కారం తాకిందంటె కండ్లల్ల నీళ్ళు. ఉప్పు తెల్వది, తీపి తెల్వది. "ఎట్లున్నది?" అంటే "ఏడిగున్నది" అంటడు, లేకుంటె "సల్లగున్నది" అంటడు. పెండ్లైనప్పటి సంది పప్పుల ఉప్పు రవ్వంత తక్కువైనా పళ్ళెం జరిపేసిన మనిషి. గిప్పుడు నేనేం పెట్టినా మందు మింగినట్టు మింగుతడు. లోపటి అర్రల గోడ దిక్కు మొకం పెట్టుకొని తింటడు. నోట్లకెంచి కారుతది కద, ఎవ్వలు సూడొద్దని.

పోయిన చెకప్‌కు డాక్టర్ సారు కాంట దిక్కు చూసి, కాయితం దిక్కు చూసి, "బరువు ఇలాగే తగ్గితే ముక్కులోంచి పైపు వెయ్యాల్సి వస్తుందమ్మా. పాలు, జావ అన్నీ అందులోంచే" అన్నడు.

బస్సుల కిటికీ కాడ కూసున్నడు మా ఆయన. సదాశివపేట దాటినంక అన్నడు, "పైపు ఏస్తే నేను ఉండ."

ఉండ అంటే ఏంది, దవాఖానల ఉండడా, ఇంట్ల ఉండడా... నేను అడగలే. అడిగితే చెప్తడేమో అని భయం.

గా దినం సంది నేను సైంటిస్ట్ అయిన. మా బిడ్డ స్వాతి ఇంటర్ చదువుతది, దాని ఫోన్ గుంజుకున్న. "నమలకుండ తినే వంటలు" అని కొడితే సముద్రమంత వచ్చినయ్. మొదలు ఒక ఆకుపచ్చ సూప్ కనవడ్డది. బ్రకోలీ కావాల్నట. జహీరాబాద్ మార్కెట్ మొత్తం తిరిగిన. కూరగాయలమ్మే అవ్వను అడిగితే, "బ్రకోలా? గదేం కంపెనీ బిడ్డా?" అన్నది. ఫోన్ల ఫోటో చూపిచ్చిన. మస్తుసేపు చూసింది. "గిది మన గోబికి సుట్టమే. గోబి తీస్కపో, పచ్చగ కావాల్నంటె పాలకూర ఏసుకో" అన్నది. నేను గట్లనే చేసిన!

మిక్సీల కెంచి తీసినంక చూస్తే... ఏం చెప్పాలె. మా గల్లీల స్కూలుకు మొన్న రంగేసిన్రు, సేమ్ గా రంగు. మా అత్తమ్మ గిన్నెలకు తొంగి చూసి, "గిది తాగేదా, గోడకు పూసేదా పద్మా?" అన్నది. ఆయన రెండు చెంచాలు తాగిండు. "ఏడిగున్నది" అన్నడు.

తర్వాత కొర్రల కస్టర్డ్. మెత్తగ జారుగ వస్తదని ఫోన్ల ఆమె ముద్దు ముద్దుగ చెప్పింది. నాది సిమెంట్ లెక్క గడ్డకట్టింది. గంటె దాంట్ల నిలవెడితే నిలవడ్డది, పక్కకు గూడ ఒరగలే!

అన్ని గట్లనే కాలే, ఒకటి మంచిగైంది. కోహీర్ జామపండ్లు ఉడకవెట్టి, గింజలు లేకుంట జల్లెడ పట్టి, పెరుగుల కలిపిన. ఆయన కప్పు మొత్తం తిన్నడు. "జారిపోయింది" అన్నడు. గది మా ఇంట్ల ఇప్పుడు అవార్డ్ లెక్క! ఉషారైపోయి మర్నాడు మళ్ళ చేసిన. ఫోన్ల ఇంకో వంట సూసుకుంట జామపండ్లను మర్చిపోయిన. పండ్లు మాడినయ్, గిన్నె మాడింది, గా వాసనకు మా ఆయన ముక్కు మూసుకున్నడు. ముక్కు పనిచేస్తున్నదని గా పొద్దు తెలిసింది, గదొక సంతోషం.

కష్టమేందంటే, గీ ప్రయోగాలు ఆయన ఒక్కనికే కాదు, అందరికి. మా అత్తమ్మ రూల్ పెట్టింది. "నా కొడుకు తినలేనిది వాని ముంగట మనం తినుడేంది? అందరం గదే తిందాం." గొప్ప మాటనే. ఒక మాపటేళ బట్టలు తీసెతందుకు ఇంటెనకకు పోతే, గీ మాటన్న మా అత్తమ్మ బండ మీద కూసోని జొన్నరొట్టెల మామిడి తొక్కు నంజుకొని తింటున్నది. నన్ను చూసి రొట్టె కొంగుల దాసింది. తర్వాత ఆమె రొట్టె సగం ఇరిచి నాకిచ్చింది. ఇద్దరం సప్పుడు చెయ్యకుంట తిన్నం. మీరు గూడ ఎవ్వలకు చెప్పకున్రి.

మా పై పోర్షన్ల సత్యవతి గారని ఉంటది. ఆంధ్ర దిక్కు వాళ్ళు, ఆమె భర్త ఫ్యాక్టరీల ఇంజనీర్. నా పరేషాన్ చూసి ఆమె అన్నది, "పద్మగారూ, పాలు విరగ్గొట్టి పనీర్ చేసి, మెత్తగా చిదిమి పెట్టండి, బలం. నిమ్మకాయ కోసం వెతుక్కోకండి, నా దగ్గర నిమ్మ ఉప్పు ఉంది. చిటికెడు వేస్తే చాలండీ, ఇట్టే విరిగిపోతాయి. తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగెయ్యండి, పులుపంతా పోతుంది."

నిమ్మ ఉప్పు అన్న మాట నేను గప్పుడే ఇన్న. చూస్తే మన ఉప్పు లెక్కనే ఉన్నది, తెల్లగ, గరగర. ఆమె ఇచ్చిన ప్యాకెట్ చినిగి ఉండె. కారిపోతదని ఖాళీ డబ్బ ఒకటి దొరికితే దాంట్ల పోసిన. గా డబ్బను ఉప్పు డబ్బ పక్కకు పెట్టిన. రెండు ఒకటే తీరు స్టీల్ డబ్బలు. నేను చేసింది గంతే. మిగిలిందంత నసీబ్ చేసింది!

శుక్రవారం మా వదినె ఫోన్ చేసింది, మా ఆయన అక్క, రాయికోడ్‌ల ఉంటది. ఐతారం ఆమె, ఆమె భర్త అన్నయ్య ఇద్దరు వస్తమన్నరు. ఆపరేషన్ అయినంక తమ్ముణ్ణి చూడలే ఆమె. మా ఆయనకు చెప్తే ఇష్టం లేదు.

"నా మొకం చూసి ఏడుస్తది. ఒద్దని చెప్పు."

"అక్కను ఒద్దంటరా ఎవ్వలన్న?"

"అయితే నేను లోపటనే తింట. బయటికి పిలువకు."

అక్క ఇంటికొస్తె తమ్ముడు గోడ దిక్కు తిరిగి తినుడేంది? అందరి పళ్ళెంల కోడికూర, ఈయన పళ్ళెంల ముద్ద, గట్ల ఉంటేనే కద ఆయనకు నామోషి. అందరి పళ్ళెంల ఒకటే ముద్ద ఉంటే? చుట్టాలు గూడ ఇష్టంగ తినే ముద్ద ఏముంటది?

హలీమ్!

నాకు ఇంత తెలివి ఉన్నదని నాకే తెల్వది. రంజాన్ నెలల మా ఆయన రోజు పార్సల్ తెచ్చేటోడు, పానం ఇచ్చేటోడు దానికి. కారం లేకుంట, మెత్తగ రుబ్బి, నేనే చేస్త! ఇంట్ల హలీమ్ మా ఖాందాన్ల ఎవ్వలు చెయ్యలే. మటన్ దుకాణం ఆయన, "రంజాన్ కాదు కద అమ్మా, ఇప్పుడు హలీమ్ ఏంది?" అని నవ్విండు. "మా ఇంట్ల రోజు ఉపాసమే భయ్యా, నువ్వు ఎముక లేకుంట కొట్టు" అన్న.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఆయన నోటికి రుచి వచ్చేదాక నీసు ముట్టనని నేను ఝరాసంగం దేవునికి మొక్కిన. గందుకే ఆ హలీమ్‌ను నేను రుచి చూసేతందుకు లేదు. స్వాతి ట్యూషన్ నుంచి వచ్చినంక దానికి రుచి చూపిద్దమనుకున్న.

పొద్దుగాల సంది ఒకటే పని. గోధుమ రవ్వ నానవెట్టిన, పప్పులు ఏసిన, మటన్ కుక్కర్ల పెట్టి ఈలల మీద ఈలలు. అంత కలిపి పప్పుగుత్తితోని ఎనిపిన. ఎనిపిన, ఎనిపిన, రెక్కలు పడిపోయినయ్. కాని వాసన ఏమన్న వచ్చిందా! మా అత్తమ్మ గడప కాడికొచ్చి "గిది మన ఇంట్ల నుంచేనా వాసన?" అన్నది. ఇగ ఆఖరుకు ఉప్పు. డబ్బ అందుకున్న, మూత తీసిన, గప్పుడే బయట ఆటో ఆగింది. ఆటోల నుంచి కాలు కింద పెట్టకముందే మా వదినె ఏడుపు మొదలువెట్టింది. "తమ్మీ... నా తమ్మీ..."

నా చెయ్యి నాకు తెల్వకుంటనే చెంచ నిండ, చెంచ నిండ ఏసుకుంట పోయింది. కలిపిన, మూత పెట్టిన, కొంగు సదురుకొని ఉరికిన.

లోపల మా వదినె తమ్ముని మొకం రెండు చేతుల పట్టుకొని ఏడుస్తున్నది. ఆయన కట్టె లెక్క నిలవడ్డడు. మా అన్నయ్య ఏమనాల్నో తెల్వక ఫ్యాన్ దిక్కు చూస్తున్నడు. చానసేపటికి గాని మా ఇల్లు ఇల్లు లెక్క కాలే.

చాప పరిచిన. "అందరు కూసోన్రి. అందరికి ఒకటే వంట, హలీమ్" అన్న. మా ఆయన నా దిక్కు చూసిండు. వచ్చి కూసున్నడు! భుజం మీద టవల్ ఏసుకొని, అక్క పక్కన కూసున్నడు. నెలల తర్వాత ఆయన చాప మీదికి వచ్చుడు గదే. స్వాతి గూడ అప్పుడే వచ్చి నా దిక్కు చూసి కండ్లతోనే నవ్వింది. గా సంతోషంల దానికి రుచి చూపిచ్చుడు యాది మర్చిన.

ఆయన గిన్నెల మళ్ళొక్కసారి మిక్సీ పట్టింది ఏసి, నెయ్యి పోసిన. మిగిలిన వాళ్ళకు ఏంచిన ఉల్లిగడ్డ పైన సల్లి ఇచ్చిన. ఆయన చెంచ తీసుకున్నడు. నోట్లె పెట్టుకున్నడు. మింగిండు.

"ఏడిగున్నది" అంటడని చూస్తున్న.

అనలే. కండ్లు గట్టిగ మూసుకున్నడు. భుజాలు చెవులదాక లేచినయ్. మెడ నరాలు తేలినయ్. చెంచ కింద పడ్డది. మూసిన కండ్లకెంచి నీళ్ళు బొటబొట కారుతున్నయ్.

"తమ్మీ!" అని మా వదినె ఒర్రింది.

"ఏం పెట్టినవే నా కొడుక్కు?" అని మా అత్తమ్మ.

"కారం ఎయ్యలే! ఒట్టు అత్తమ్మా, ఒక్క మిరపకాయ గూడ ఎయ్యలే!" అని నేను ఒర్రుతున్న. స్వాతి నీళ్ళకు ఉరికింది. అవతల మా అన్నయ్య ఇంత పెద్ద బుక్క నోట్ల పెట్టుకొని, బుగ్గలు ఉబ్బిచ్చి, గుడ్లు తేలేసి కూసున్నడు. మింగుతలేడు, ఉమ్ముతలేడు. అత్తగారిల్లు కద, ఉమ్ముడు ఎట్ల?

గప్పుడు నాకు అనుమానం వచ్చి గిన్నెల ఏలు ముంచి నాలికకు రాసుకున్న. అమ్మో! పులుపు నషాలానికి ఎక్కింది! పళ్ళు జుమ్మన్నయ్, ఒక చెవి మూసుకపోయింది. కండ్ల ముంగట రెండు స్టీల్ డబ్బలు కనవడ్డయ్, ఒకదాని పక్కకు ఒకటి.

"నిమ్మ ఉప్పు..." అన్న. పుండ్ల నోరు. కరెంటుతోని కాలిన నోరు. దాంట్ల నేను నిమ్మ ఉప్పు పోసిన. పచ్చి పుండు మీద తేజాబ్, గదే యాసిడ్, పోసినట్టే కద! పైపు ఏసుడు పక్క, గా నోటితోని ఇగ నీళ్ళు గూడ తాగలేడు, అంత నా వల్లనే, గిదే తిరుగుతున్నది తలకాయల.

ఆయన చెయ్యి లేపిండు. ఆగమన్నట్టు. ఏదో అన్నడు. ఆపరేషన్ అయిన సంది మాట ముద్దగ వస్తది, మాకెవ్వలకు అర్థం కాలే. మళ్ళ అన్నడు. "ఫుఉఫు."

స్వాతి మోకాళ్ళ మీద కూసున్నది. "నానా? పులుపా? పుల్లగున్నదా నానా?"

ఆయన తల ఊపిండు.

మా ఆయన కింద పడ్డ చెంచ తీసుకొని మళ్ళ గిన్నెల ముంచిండు!

"ఒద్దు! నోరు కాల్తది, ఒద్దు!" నేను గిన్నె గుంజిన. ఆయన వదిలిపెట్టలే. నేనిటు, ఆయనటు. మనిషిల సత్తువ లేదు, కాని గిన్నె మాత్రం ఇస్తలేడు. "జర ఉండే" అన్నడు. "నిజంగ పులుపేనా, నా తలకాయ చెప్తున్నదా... ఇంకొక్కటి సూస్త." ఆ ముద్ద మాటలు గీసారి నాకు సక్కగ అర్థమైనయ్. నా చెయ్యి దానంతట అదే వదిలింది. ఇంకో చెంచ పెట్టుకున్నడు. మళ్ళ గట్లనే భుజాలు లేచినయ్, కండ్ల నీళ్ళు. నోరు తెర్వరాదు కద, నవ్వు ముక్కుల కెంచి వచ్చింది.

గప్పుడు మా అన్నయ్య, పాపం, గా బుక్కను ఎట్లనో మింగిండు. నీళ్ళు తాగి, గొంతు సదురుకొని, పంచాయితీల సాక్షి చెప్పినట్టు చెప్పిండు, "నాకు గూడ పుల్లగనే తాకింది లక్ష్మణ్. నీ నాలిక కరెక్టే ఉన్నది."

మా వదినె ఏడుస్తున్నది, నవ్వుతున్నది. మా అత్తమ్మ మాత్రం నా ఏలు దిక్కు చూసి, "నీసు నాకినవ్ కదనే, మొక్కు తప్పింది" అన్నది. "వాడు ముందు రుచి చూసిండమ్మా, ఈమె ఎనక నాకింది. తప్పలే" అని మా వదినె నా తరఫున వకాల్తా పట్టింది. తల్లీబిడ్డలు కొంచెంసేపు గదే కొట్లాట, ఒక్క పులుపుకు మొక్కు తీరుతదా, ఉప్పు, తీపి గూడ రావాల్నా అని. సుట్టాలకు ఆఖరుకు హోటల్ ఇడ్లీలు పెట్టిన. పోయేటప్పుడు మా వదినె, "కడుపునిండ ఏడ్సిపోదమని వచ్చిన పద్మా, నువ్వు ఏడ్వనియ్యలే" అని నా తల నిమిరింది.

గంతటితోని కథ అయిపోతే మంచిగుండు. పొద్దు గూకేసరికి ఆయన నోరు లోపట ఎర్రగ పొంగింది. మర్నాడంత సల్లటి పాలు తప్ప ఏం దిగలే. అవి గూడ దూది ముంచి పిండితే. నేను సల్లటి పాలు పట్టుకొని పక్కన కూసున్న. పులుపు తెలిసిందని నిన్న సంబురపడ్డదాన్ని, ఆయన మూల్గు ఇనుకుంట, గా పులుపు ఎన్నడు తెల్వకున్నా బాగుండు అనుకున్న.

మంగళవారం పట్నం పోయినం. కాంట ఎక్కిచ్చిన్రు. అరకిలో తగ్గిండు. డాక్టర్ సారు టార్చ్ ఏసి నోట్లెకు చూసి, "ఈ పుండ్లు కొత్తవి. ఏం పెట్టారు?" అని అడిగిండు. తల వంచుకొని మొత్తం చెప్పిన, డబ్బలతో సహా. సారు దూదికి ఏందేందో రాసి ఆయన నాలికకు తాకిచ్చుకుంట పోయిండు. తీపి, తెల్వది. ఉప్పు, తెల్వది. పులుపుకు మాత్రం మా ఆయన కన్ను కొట్టుకున్నది.

"రుచి తిరిగి రావడం మొదలైంది" అన్నడు సారు. "మిగతావి వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేను. పైపు సంగతి వచ్చే నెల చూద్దాం. కానీ ఇలాంటివి ఇంకొక్కసారి జరిగితే నోరు పాడైపోతుంది. అసలు ఇంట్లో వంట చేసేది ఎవరు?"

మా ఆయన నా దిక్కు ఏలు చూపిచ్చిండు. ముద్ద మాటైనా సరే, గీసారి రూంల అందరికి తెలిసేటట్టు నిదానంగ, ఒక్కొక్క మాట ఏరి చెప్పిండు.

"గీమెనే సార్. మీ కరెంటే నయముండె."

సారు నవ్విండు. పక్కనున్న నర్సమ్మ నవ్వింది. రోగం వచ్చిన సంది మా ఆయన ఆడిన మొదటి మజాక్ గదే, అది గూడ నా మీదనే. సంచి సదురుకొని బయటికొచ్చిన. ఆయన అరకిలో తగ్గిండని కాయితం మీద రాసిచ్చిన్రు. నా ఇజ్జత్ ఎంత తగ్గిందో తూచే కాంట అంత పెద్ద దవాఖానల గూడ లేదు, గందుకే బతికిపోయిన!